ఒక్క పూట భోజనానికి అంత దుడ్డా? రూక నుంచి స్టార్ హోటల్ దాకా

తిరుప్పూరులో ఉండే మా చిన్నమ్మ కూతురు పోయిన డిసెంబరులో బెంగళూరు చూడడానికి వచ్చింది. రాత్రి బస్సులో రావడం, మెజెస్టిక్ దగ్గర ఆడవాళ్ళ డార్మిటరీలో ఒక మంచం, పగలంతా సిటీ బస్సు పాసు. మా ఇంట్లో ఉండమంటే "లేదక్కా, ఒక్కదాన్నే తిరగాలని వచ్చినా" అనింది. మూడు రోజులకి మూడు వేలు కూడా ఖర్చు కాలేదు. చివరి రాత్రి మాత్రం రేస్ కోర్సు ఎదురుగా ఉండే వెస్ట్ ఎండ్ హోటల్‌కి ఒక్కతే పోయి, తీరుబడిగా భోంచేసి, బిల్లు ఫోటో తీసి మన కుటుంబం గ్రూపులో పెట్టింది. ట్రిప్పు మొత్తానికి అయిన ఖర్చు కంటే ఆ ఒక్క బిల్లే ఎక్కువ.

ఆ తర్వాత ఏమైందో గ్రూపులో ఉన్నవాళ్ళకి తెలుసు. పెద్దనాయన "ఒక్క పూట భోజనానికి అంత దుడ్డా? దాంతో ఇంటికి రెండు నెల్ల బియ్యం వస్తాయి కదమ్మా" అన్నాడు. అత్త "అక్కడ మనింట్లో లేనిది ఏం పెట్టినారంట?" అనింది. మా తమ్ముడు "దాని సంపాదన, దాని ఇష్టం" అని ఒక్క ముక్కలో తేల్చేసినాడు. రెండు రోజులు ఇదే చర్చ.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక స్క్రీన్ తెరుచుకుంటే అది బాగుందా లేదా అని మేము ముందు చూడం. ఇది ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరికి తెరుచుకోదు, ఎందుకు తెరుచుకోదు అని చూస్తాం. ఈ చర్చని కూడా అట్లే చూద్దాం అనిపించింది. ఊరుగాని ఊర్లో ఒక మనిషి డబ్బిచ్చి, పదిమంది మధ్య కూర్చుని, గొప్ప భోజనం చెయ్యడం అనేది మనవాళ్ళకి ఎప్పుడు సాధ్యమైంది? ఎవరెవరికి సాధ్యమైంది? ఈ వ్యాసం దాని గురించే.

ఓరుగల్లులో ఒక రూక

ఇది ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన అలవాటు అనుకుంటే పొరపాటే. సుమారు ఆరు వందల ఏండ్ల కిందటి తెలుగు కావ్యం క్రీడాభిరామం ఉంది. వినుకొండ వల్లభరాయుడు రాసినాడని కొందరు, కాదు శ్రీనాథుడిదే అని కొందరు పండితులు వాదిస్తారు. అందులో గోవింద మంచనశర్మ, టిట్టిభ సెట్టి అని ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. మధ్యలో భోజనం మాట వస్తుంది. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూక ఇస్తే ఏమేం పెడతారో కవి వరసగా చెప్తాడు: సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు.

ఇంటాయన పేరు, వంటల పట్టీ, ధర, మూడూ ఒకే పద్యంలో ఉన్నాయి. ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ బాగా తినొచ్చు అని విచారించుకోవడం ఆనాటికే మనకి ఉంది. అట్లాంటి ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అన్నారు. కూడు అంటే అన్నం, పూటకింత అని డబ్బు తీసుకొని పెట్టే ఇల్లు.

అయితే చానా మంది ప్రయాణికులు అక్కడ తినలేదు. ఒకటి, సద్దిమూట కట్టుకొని బయలుదేరడం అలవాటు. రెండు, దారి పొడుగునా సత్రాలు ఉండేవి. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని కాబట్టి నాకు ముందు 'ఛత్ర' అనే మాట తెలుసు, 'సత్రం' తర్వాత వచ్చింది. రెండూ ఒకటే. సత్రంలో డబ్బు అడగరు, కులం అడుగుతారు. ఏ కులంవాళ్ళకి ఏ సత్రం, ఏ పంక్తి అనేది ముందే తీర్మానం అయిపోయి ఉంటుంది. అన్నం అమ్ముకోవడం పాపం అనే మాట కూడా గట్టిగా ఉండేది. అందుకే పూటకూళ్ళ ఇల్లు నడిపేవాళ్ళకి, ముఖ్యంగా బతుకుతెరువు కోసం ఆ పని చేసే ఆడవాళ్ళకి, లోకంలో మర్యాద తక్కువ. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడినారు. అందులో పూటకూళ్ళమ్మకి పేరు కూడా లేదు, ఆ పనే ఆమె పేరు. ఆడది పదిమందికి వండి పెట్టొచ్చు, పదిమందితో కలిసి కూర్చుని డబ్బిచ్చి తినేది మాత్రం కుదరదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

రెండు ఊర్ల బెంగళూరు

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కెంపేగౌడ 1537లో కట్టిన పేట ఒక ఊరు. చిక్కపేట, అవెన్యూ రోడ్డు, కాటన్‌పేట అన్నీ అందులోవే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినాక, 1809లో ఇంగ్లీషువాళ్ళు అక్కడి నుంచి సైన్యాన్ని తెచ్చి పేటకి తూర్పున దండు వేసినారు. అది కంటోన్మెంట్, రెండో ఊరు. మన అవ్వలు ఇప్పటికీ 'దండు' అంటారు. దండుతో పాటు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులు, తెలుగువాళ్ళు కూడా వచ్చినారు. సిపాయిలుగా కొందరు, కాంట్రాక్టర్లుగా, వంటవాళ్ళుగా, బట్లర్లుగా కొందరు. 1881లో మైసూరు రాజ్యం మళ్ళీ ఒడెయర్ల చేతికి వచ్చినా దండు మాత్రం ఇంగ్లీషు రెసిడెంటు కిందనే ఉండిపోయింది. రెండు ఊర్లకి రెండు మునిసిపాలిటీలు. మధ్యలో కబ్బన్ పార్కు. 1947లో దండుని మైసూరుకి తిరిగి ఇచ్చినారు, 1949లో రెండూ కలిసి ఒక కార్పొరేషన్ అయినాయి.

ఈ దండు కాలంలో, 1887లో, బ్రాన్సన్ అనే ఇంగ్లీషు ఆమె పది గదులతో ఒక బోర్డింగ్ ఇల్లు పెట్టింది. బ్రాన్సన్స్ వెస్ట్ ఎండ్ అని పేరు. మొదలు చూస్తే అది కూడా ఒక పూటకూళ్ళ ఇల్లే, నడిపింది కూడా ఆడమనిషే. వచ్చే జనం మాత్రం వేరు. 1912లో మద్రాసు స్పెన్సర్ కంపెనీవాళ్ళు దాన్ని కొని పెద్ద హోటల్ చేసినారు. 'లోపలికి రావద్దు' అని ఎవరో బోర్డు పెట్టాల్సిన పని కూడా లేదు. కత్తులు ఫోర్కులు, ఇంగ్లీషు మాట, బూట్లు, కోటు, గుర్రబ్బండి. పేటలో ఆకులో కలుపుకొని తినే మనిషికి ఆ గేటు దాటాలనే ఆలోచనే రాదు.

దండులో డబ్బు ఎట్లా పనిచేసేదో చూపించే కథ ఒకటుంది. 1896లో నాలుగో హుస్సార్స్ పటాలంతో విన్‌స్టన్ చర్చిల్ అనే కుర్ర ఆఫీసరు బెంగళూరు వచ్చినాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి బంగళాలో ఉండేవాడు, పోలో ఆడేవాడు, రోజాలు పెంచేవాడు, సీతాకోకచిలకలు పట్టేవాడు. ఆయన మెంబరుగా ఉన్న యునైటెడ్ సర్వీసెస్ క్లబ్బే ఇప్పటి బెంగళూరు క్లబ్బు. అక్కడ ఆయన పేరు మీద 13 రూపాయల బాకీ ఉండిపోయింది. 1899 జూన్ నాటి లెక్కల పుస్తకంలో, వసూలు కాని బాకీల పట్టీలో, ఆ పేరు ఇంకా కనిపిస్తుంది. క్లబ్బువాళ్ళు దాన్ని అద్దం కింద పెట్టి గర్వంగా చూపిస్తారు.

అందరూ దీన్ని తమాషాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం దాంట్లో ఒక లెక్క కనిపిస్తుంది. డబ్బు కట్టని తెల్లాయనకి ఆ తలుపు తెరిచే ఉంది. డబ్బు కట్టగలిగిన చిక్కపేట కోమటి సెట్టికి మూసి ఉంది. అంటే అక్కడ ధర అనేది అసలు షరతే కాదు.

మోక్షగుండం వారి జవాబు

ఈ సంగతి మన పెద్దమనుషులకి కూడా తెలుసు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులు గిద్దలూరు దగ్గర మోక్షగుండం నుంచి మైసూరు రాజ్యానికి వచ్చినవాళ్ళు. మన మాదిరే ఊరు వదిలి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆయన 1912లో మైసూరు దివానయినాడు. రాజ్యం నడిపే దివానుకైనా దండులో ఇంగ్లీషు క్లబ్బుల తలుపులు మనవాళ్ళకి తెరవడానికి లేదు. 1917లో ఆయన కబ్బన్ పార్కు అంచున సెంచరీ క్లబ్బు పెట్టించినాడు. నూరు మంది మెంబర్లతో మొదలైంది కాబట్టి ఆ పేరు.

బొంబాయిలో కూడా ఇట్లాంటి కథే చెప్తారు. వాట్సన్ హోటల్లోకి జంషెడ్‌జీ టాటాని రానివ్వలేదు, ఆ కోపంతో ఆయన తాజ్‌మహల్ హోటల్ కట్టినాడు అని. చరిత్రకారులు దీన్ని చానా మంది నమ్మరు. తాజ్ మాత్రం 1903 డిసెంబరులో తెరుచుకుంది, అది నిజం. కథ నిజమైనా కాకపోయినా నూరేండ్లు జనం దాన్ని చెప్పుకుంటూనే ఉన్నారంటే, ఆ అవమానం ఎంతమందికి తెలిసిన అవమానమో అర్థమవుతుంది.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పుకోవాల. సెంచరీ క్లబ్బు, తాజ్ హోటల్, రెండూ పెద్దవాళ్ళ కోసం పెద్దవాళ్ళు తెరిచిన తలుపులు. మన తాతలకి అవి కూడా దూరమే.

మనం వేసిన తాళాలు

తప్పంతా తెల్లోళ్ళ మీద తోసేస్తే చరిత్ర సగమే అవుతుంది. పేటలో మన హోటళ్ళు ఎట్లుండేవో చూడండి.

1924లో ఉడుపి వైపు పరంపళ్ళి నుంచి వచ్చిన యజ్ఞనారాయణ మయ్య అన్నదమ్ములు బెంగళూరులో ఒక చిన్న హోటల్ పెట్టినారు. దాని పేరు బ్రాహ్మణ్ కాఫీ క్లబ్. ఈరోజు లాల్‌బాగ్ రోడ్డులో మనం క్యూలో నిలబడే ఎంటీఆర్, అంటే మావళ్ళి టిఫిన్ రూమ్స్, అదే. ఆ రోజుల్లో 'బ్రాహ్మణ' అనే మాట హోటల్ బోర్డు మీద మామూలు. వంట చేసేది ఎవరో, ముట్టేది ఎవరో తెలిస్తేనే జనం తినేవాళ్ళు. కూర, కోడి, తలకాయ కావాలంటే మిలిటరీ హోటల్‌కి పోవాల. రెండింటికీ జనం వేరు, వీధులు వేరు. పల్లెల్లో అయితే టీ అంగడి బయట వేరే గ్లాసులు తలకిందులుగా పెట్టి ఉండేవి. తాగి, కడిగి, అక్కడే పెట్టి పోవాల. ఈ రెండు గ్లాసుల పద్ధతి మదనపల్లె వైపు తాను కళ్ళారా చూసినానని మా తాత చెప్పేవాడు.

తాత సంగతి ఇక్కడే చెప్పాల. మదనపల్లె నుంచి వచ్చినాక ఆయన చేసిన వ్యాపారం అరిటాకులు. 1928లో కట్టిన కృష్ణరాజేంద్ర మార్కెట్ పక్కన తెల్లారక ముందే కట్టలు దించుకొని, సైకిల్ మీద వేసుకొని హోటళ్ళకి వేసేవాడు. ఎప్పుడూ వెనక గుమ్మమే. ఆకులు దించడం, లెక్క రాయించుకోవడం, తిరిగి రావడం. "నా ఆకుల్లో ఊరంతా తినింది, నేను మాత్రం ఇంటికొచ్చి సంగటే తింటి" అని నవ్వేవాడు. ఆయనకి దాంట్లో బాధ ఉండిందో లేదో నాకు తెలియనిచ్చేవాడు కాదు. హోటల్లో కూర్చొని తినడం అనేది ఖర్చు అనే లెక్కలోకే రాలేదు, అది ఇంకొకరి పని అనే లెక్కలో ఉండింది.

అవ్వ సంగతి ఇంకా వేరు. ఆమె ఎనభై ఏండ్లు బతికింది, అందులో అరవై ఏండ్లు బెంగళూరులోనే. ఒక్కసారి కూడా హోటల్లో కూర్చొని తినలేదు. తాత మసాలా దోసె ఆకులో కట్టించుకొని తెస్తే ఇంట్లో తినేది. ఆడవాళ్ళు హోటల్‌కి రావడం మొదలైనాక కూడా వాళ్ళకి వేరే గది. 'ఫ్యామిలీ రూమ్' అనే బోర్డు మీలో చానా మంది చూసే ఉంటారు, పాత హోటళ్ళలో ఇప్పటికీ ఉంది. దాని అర్థం ఆడదానికి కూర్చోడానికి చోటుంది అని. దాని ఇంకో అర్థం, ఆడది ఒక్కతే వస్తే 'ఫ్యామిలీ' కాదు అని.

రాజ్యాంగంలో హోటల్ అనే మాట

1950 జనవరి 26న మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. దాంట్లో 15వ అధికరణం రెండో భాగం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అంగళ్ళు, రెస్టారెంట్లు, హోటళ్ళు, వినోద స్థలాలు అని పేరుపెట్టి రాసినారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో ఏ పౌరుణ్ణీ వాటిలోకి రాకుండా ఆపకూడదు. అంత పెద్ద పుస్తకంలో హోటల్ గురించి ఎందుకు రాయాల్సి వచ్చింది? ఆ తలుపు దగ్గర ఎంతమంది ఆగిపోయినారో రాసినవాళ్ళకి తెలుసు కాబట్టి. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం ఇంకొక అడుగు వేసి, హోటళ్ళలో జనం కోసం పెట్టిన పాత్రలు వాడకుండా ఆపడం కూడా నేరమే అనింది. తలకిందులు పెట్టిన గ్లాసు గురించే ఆ మాట.

చట్టం రాసినంత మాత్రాన గ్లాసులు ఒక్కటై పోలేదు. అయినా అప్పటి నుంచి లెక్క మారింది. తలుపు దగ్గర ఆపేవాడు ఇంక కారణం దాచుకోవాల.

ఆ తర్వాత బెంగళూరులో రెండు వైపులా తలుపులు తెరుచుకున్నాయి. పైవైపు చూస్తే, 1971లో కుమారకృప రోడ్డులో ప్రభుత్వమే అశోకా హోటల్ తెరిచింది. 1982లో విండ్సర్ మేనర్ వచ్చింది. 1984లో వెస్ట్ ఎండ్ తాజ్ గ్రూపు చేతికి వచ్చింది. కిందవైపు చూస్తే, 1983లో జయనగర్‌లో కెఫె దర్శిని మొదలైంది. నిలబడి తినే దర్శినిలో పంక్తి లేదు, ఫ్యామిలీ రూమ్ లేదు, నీ పక్కన ఎవరు తింటున్నారో అడిగే తీరిక ఎవరికీ లేదు. చట్టం చెప్పిన పనిని ఒక ఇడ్లీ ప్లేటు చేసి చూపించింది. నన్నడిగితే బెంగళూరు చరిత్రలో దర్శిని పాత్ర స్టార్ హోటళ్ళ కంటే పెద్దది.

1984లోనే ఇంకొకటి జరిగింది, అది మనకి సంబంధించింది. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున తెరుచుకుంది. ఇంగ్లీషు రెసిడెంటు పేరు పెట్టుకున్న వీధి అది. అక్కడ అరిటాకు వేసి, పప్పు, పొడి, నెయ్యి, ఆవకాయ వడ్డించి, చాలు అనేదాకా అన్నం పెట్టినారు. ఆంధ్రా మీల్స్ అనే మాట కన్నడంవాళ్ళ నోట్లో కూడా అలవాటు అయింది. బయట ఊర్లలో ఉండే తెలుగువాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. అంతవరకూ మన తిండి మన ఇంట్లోది. ఆ తర్వాత ఊరి తిండి.

వెండి పళ్ళెంలో అరిటాకు

ఇంకొక మలుపు ఉంది. చానా కాలం స్టార్ హోటల్ అంటే సూపు, కట్‌లెట్టు, ఇంకా కావాలంటే ఉత్తరాది నాను, పనీరు. దక్షిణాది వంట అక్కడ పొద్దున ఇడ్లీ దోసెలతో ఆగిపోయేది. 1989లో మద్రాసులో ఐటీసీవాళ్ళు దక్షిణ్ అనే రెస్టారెంటు తెరిచినారు. నాలుగు దక్షిణ రాష్ట్రాల ఇంటి వంటలు, ఆంధ్ర వంటలు కూడా, స్టార్ హోటల్ భోజనంగా పెట్టినారు. తర్వాత బెంగళూరు విండ్సర్‌లో కూడా దక్షిణ్ వచ్చింది. వెండి పళ్ళెంలో అరిటాకు పరిచి వడ్డిస్తారు.

ఇది విని మా అత్త "ఆకు మనదే, అన్నం మనదే, ఇంకెందుకు అంత ధర?" అనింది. న్యాయమైన ప్రశ్న. ఆ ధరలో స్థలం ఉంది, చెట్లు ఉన్నాయి, నలుగురు తినే చోట పదిమంది పనివాళ్ళు ఉన్నారు, తొందరపెట్టకుండా రెండు గంటలు కూర్చోనిచ్చే తీరుబడి ఉంది. రుచి ఒక్కటే కొనాలంటే రెసిడెన్సీ రోడ్డే మేలు. పైసలకి తగ్గ తిండి కావాలంటే దర్శినే మేలు. అక్కడ కొనేది ఒక సాయంత్రం.

మన తాత ఆకులు వెనక గుమ్మంలో నుంచి పోయేవి. ఇప్పుడు ఆయన మనవరాలు ముందు గుమ్మంలో నుంచి పోయి, ఆ ఊరి లెక్కల్లో కుటుంబం లేని ఒంటరి ఆడమనిషిగా, ఒక టేబుల్ అడిగి కూర్చుంది. ఎవరూ కులం అడగలేదు, తోడెవరని అడగలేదు. రూకకు భోజనం నుంచి ఇక్కడిదాకా రావడానికి ఆరు వందల ఏండ్లు పట్టింది. పెద్దనాయన చెప్పిన రెండు నెల్ల బియ్యం లెక్క తప్పు కాదు. రేషన్ క్యూలో నిలబడి ఇంటికి బియ్యం తెచ్చిన మనిషి ఆయన, ఆ లెక్క వేసే హక్కు ఆయనకి ఉంది. కానీ అవ్వ ముందర ఆ లెక్క ఎప్పుడూ రాలేదు. ఖర్చు పెట్టాలా వద్దా అని ఆలోచించే అవకాశమే ఆమెకి లేదు. వద్దు అనుకోడానికి కూడా ముందు తలుపు తెరిచి ఉండాల.

ఇంకా మిగిలిన తాళాలు

అన్నీ తెరుచుకున్నాయి అని చెప్తే అబద్ధం అవుతుంది. 2024 జులైలో మన బెంగళూరులోనే, మాగడి రోడ్డులో ఒక మాల్‌లోకి, కొడుకుతో సినిమాకి వచ్చిన ముసలి రైతుని పంచె కట్టుకున్నాడని రానివ్వలేదు. గొడవ పెద్దదై, ప్రభుత్వం ఆ మాల్‌ని ఏడు రోజులు మూయించింది. దానికి పదేండ్ల ముందు, 2014లో, చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జిని ఆపితే తమిళనాడు దాని మీద చట్టమే చేసింది. కాబట్టి పంచె, చెప్పులు, ఇంగ్లీషు రాకపోవడం, ఇవి ఇంకా తాళాలే. చట్టం కంటే ఎక్కువగా మన సిగ్గే వాటిని వేసి పెడుతుంది.

అందుకని పోవాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ముందే ఫోన్ చేసి ధర, బట్టల నియమం ఉంటే అది, రెండూ అడగండి. అడగడం మర్యాద తక్కువ కాదు. తెలుగులోనో కన్నడలోనో మాట్లాడండి, పనివాళ్ళలో చానా మంది మనవాళ్ళే ఉంటారు. మెనూలో ఉండేది చివరి ధర కాదు. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంటులో 18 శాతం. అంటే 4,000 రూపాయల భోజనానికి బయట 4,200 అయితే ఇక్కడ 4,720. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి వేసి మళ్ళీ పన్ను కడితే 5,192 అవుతుంది. ఈ సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదు. దాన్ని బిల్లులో తామే కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. వద్దంటే తీసేయాల. వడ్డించిన మనిషికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే చేతిలో పెట్టండి.

అప్పు చేసి పోవద్దు, ఫోటో కోసం పోవద్దు. ఏండ్లకి ఒకసారి, కూడబెట్టుకున్న డబ్బుతో పోతే దాన్ని దుబారా అని నేను అనను. పోతే ఇంట్లో పెద్దవాళ్ళని కూడా అడిగి చూడండి. "మాకెందుకమ్మా" అంటారు. ఆ 'మాకెందుకు'లో ఎంత పొదుపు ఉంది, ఎంత పాత భయం ఉంది అనేది వాళ్ళనే కూర్చోబెట్టి అడగాల.

మన వంశవృక్షంలో పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు రాసుకున్నాం. దానికి ఇంకొక వరస కలుపుదాం అని నా ఆలోచన. మీ ఇంట్లో అమ్మ, అవ్వ, అత్త మొదటిసారి హోటల్లో కూర్చొని తిన్నది ఏ ఊర్లో, ఏ ఏట, పక్కన ఎవరున్నారు, ఏం తిన్నారు, ఎంత ఇచ్చినారు. ఎప్పుడూ తినకపోతే అది కూడా రాయండి. హోసూరు, తిరుప్పూరు, సోలాపూరు, ఖరగ్‌పూరు, మనవాళ్ళు ఎక్కడున్నా సరే. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకోవాల.